చిలకల తీగ

గేటు చప్పుడయ్యేసరికి కుసుమ నేల మీద కూర్చుని, సర్వరు పెట్టె విప్పి, అందులో కొత్త డ్రైవుకి వైరు తగిలిస్తోంది.

"ఆంజనేయులుగారి ఇల్లు ఇదేనా అమ్మా?"

ఎవరో పెద్దాయన. తెల్ల పంచె, చేతిలో గుడ్డ సంచి. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఇదేనండీ. నాన్న గుడివాడ వెళ్ళారు. సాయంత్రానికి గాని రారు."

"పాత అచ్చుల ఫొటోలన్నీ కంప్యూటర్లో పెట్టారంట కదా. ఒక్కసారి చూసిపోదామని వచ్చాను."

కుసుమ చేతిలో వైరు అలాగే ఉండిపోయింది.

పెడనలో వాళ్ళది తాతల నాటి కలంకారీ అద్దకం. షెడ్డులో మూలపడ్డ టేకు అచ్చులు చెద పట్టి రాలిపోతుంటే, కుసుమ పట్టుబట్టి ఒక్కొక్కదానికీ ఫొటోలు తీసింది. ఆ తర్వాత అవి రంగు కాగు కింద పొయ్యిలోకి పోయాయి. ఇప్పుడా డిజైన్లు ఉన్నది, ఆమె ఇంట్లో సొంతంగా పెట్టుకున్న ఈ సర్వర్లోనే.

కిందటేడు ఒకాయన ఇలాగే వచ్చాడు. నాన్నగారు తెలుసన్నాడు. ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకెళ్ళాడు. ఆ డిజైన్లే స్క్రీన్ ప్రింటులో సగం ధరకి బజార్లో దిగాయి.

"మీరు ఏ కంపెనీ తరఫునండీ?"

"కంపెనీ ఏముందమ్మా. కోడూరు నుంచి వస్తున్నాను. అవనిగడ్డలో ఒక బస్సు, బందరులో ఒక బస్సు మారాను. నాన్నగారు నన్నెరుగుదురు."

"వచ్చినవాళ్ళందరూ అదే మాట చెప్తారండీ."

ఆయన నొచ్చుకోలేదు.

"అన్నీ అక్కర్లేదు. చిలకల తీగ ఒక్కటి చూపించు చాలు. ఫొటో కూడా తీసుకోను."

ఆ పేరు వినగానే కుసుమకు అనుమానం ముదిరింది. వాళ్ళ అద్దకానికి ఒకప్పుడు పేరు తెచ్చింది ఆ డిజైనే. వెంట్రుక వాసి తీగ, దాని మీద ఎదురెదురుగా చిలకలు. అలాంటిది ఇంకే ఇంట్లోనూ లేదు.

"నాన్న ఉన్నప్పుడు రండి. ఇప్పుడు సర్వరు విప్పేసి ఉంది."

"పోనీ, నువ్వు బిగించేదాకా కూర్చుంటాను."

"ఈ పూటకి అవదండీ."

ఆయన చేతిలో సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"సరేలే అమ్మా. కాసిని మంచినీళ్ళు ఇప్పించు."

ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కుసుమ వెనకే వెళ్ళి గేటు గడియ పెట్టి వచ్చింది.

మళ్ళీ పనిలో పడింది.

ఆమె సర్వర్లోకి వచ్చే ఫైళ్ళు ముందు వేగంగా పనిచేసే చిన్న డ్రైవులో దిగుతాయి. దాన్నే క్యాష్ అంటారు. అక్కణ్ణుంచి తర్వాత తీరిగ్గా పెద్ద డిస్కుల్లోకి సర్దుకుంటాయి. ఇన్నాళ్ళూ క్యాష్‌కి ఉన్నది ఒకే డ్రైవు. అది చెడిపోతే అందులో ఉన్నవన్నీ పోయినట్టే. ఆ భయంతోనే మరో రెండు కొంది. మూడూ కలిపి ఒక పూల్ చేస్తే, ప్రతి ఫైలూ రెండు చోట్ల ఉంటుంది. ఒక డ్రైవు పోయినా దిగులుండదు.

పూల్ చెయ్యాలంటే పాత డ్రైవును కూడా తుడవాలి. అందుకే పొద్దున్నే అందులోవన్నీ పెద్ద డిస్కుల్లోకి సర్దమని బటన్ నొక్కింది. సర్దడం అయిపోయిందని స్క్రీన్ మీద వచ్చింది కూడా.

మూడు డ్రైవులనూ ఎంచుకుంది. వీటిలో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అడిగింది సర్వరు.

సరే అని నొక్కింది.

పూల్ తయారైంది. కుసుమ సంతోషంగా పాత అచ్చుల ఫోల్డరు తెరిచింది.

ఖాళీగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఫొటోలు గబుక్కున తెరుచుకోవాలని, ఆ ఫోల్డరు క్యాష్‌లోనే ఉండిపోయేలా తనే ఎప్పుడో పెట్టింది. సర్దే బటన్ దాన్ని ముట్టుకోనేలేదు.

పోయిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్ నడిపింది. ఏమీ దొరకలేదు. కెమెరా కార్డు తీసి చూసింది. దాని మీద ఎప్పుడో మావయ్య కూతురి పెళ్ళి ఎక్కేసింది.

సాయంత్రం ఇంటికొచ్చిన ఆంజనేయులు అంతా విన్నాడు. కూతుర్ని ఒక్క మాట అనలేదు.

"మిగతావి పోతే పోయాయి. చిలకల తీగ కూడానా?"

"అదీ పోయింది నాన్నా. ఎవరి దగ్గరైనా ఆ చీర ఉంటే..."

"ఆ అచ్చు వాడటం మానేసి ఎన్నేళ్ళయిందమ్మా. ఎక్కడని వెతుకుతాం?"

ఆయన ఏదో తోచినవాడిలా ఆమె వైపు తిరిగాడు.

"ఇవాళ కోడూరు నుంచి ఎవరైనా వచ్చారా?"

"ఒక పెద్దాయన వచ్చారు."

"వచ్చారా. హమ్మయ్య. ఫొటో చూపించావు కదా?"

"లేదు. డిజైన్ల కోసం వచ్చారేమోనని పంపించేశాను."

"అప్పటికి ఫొటోలు ఉన్నాయా?"

"ఉన్నాయి. ఆయన వెళ్ళాకే ఇదంతా జరిగింది."

ఆంజనేయులు అరుగు మీద కూలబడ్డాడు.

"ఎవరు నాన్నా ఆయన?"

"జనార్దనాచారిగారు. ఈ వారంలో ఎప్పుడో వస్తానన్నారు, ఇవాళే వస్తారనుకోలేదు." ఆంజనేయులు అరుగు మీదున్న గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. "గీతలు మరుపున పడ్డాయి, ఒక్కసారి కళ్ళతో చూస్తే చాలు, మళ్ళీ చెక్కి ఇస్తానన్నారమ్మా. మన చిలకల తీగ చెక్కింది ఆయనే."