జోడు చుక్క

పెరట్లో మేకల్ని లెక్కపెట్టమంటే మూడుసార్లు తప్పే వరప్రసాదరావు, హైదరాబాదు వేధశాలలో రెణ్ణెల్లుండి, వెలుగు పెరిగి తరిగే చుక్కల లెక్కలు కట్టడం నేర్చుకుని జగ్గయ్యపేట వచ్చాడు. నేర్చిన విద్య ఊరుకోనిస్తుందా? చెల్లెలు బేబి జ్వరంతో మూలుగుతుంటే, మంచం పక్కన లాంతరు పెట్టుకుని, కనపడని చుక్కొకటి ఉందంటూ గ్రాఫు కాగితం మీద గుర్తులు పెడుతున్నాడు. ఈ రాత్రి గట్టెక్కితే, తెల్లవారాక నందిగామ ఆసుపత్రికి బస్సుంది.

“కనపడే చుక్కలు చాలక, కనపడనిది కూడానా నీకు?” అంది తల్లి లూర్దమ్మ.

“వెలుగు తగ్గిందంటే కనపడని జోడు చుక్కేదో అడ్డొచ్చినట్టేనమ్మా. అది తిరిగి తిరిగి వస్తుంది.”

లూర్దమ్మ ప్రార్థన చేస్తూనే కునికింది. అప్పుడు లాంతరు మసకబారి, మళ్లీ వెలిగింది. గాలి లేదు. కిరసనాయిలు నిండుగా ఉంది. కాసేపటికి మళ్లీ అంతే. అలవాటు కొద్దీ అతను దానికీ గుర్తులు పెట్టాడు. మసక వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తోంది. అది నిలిచినంతసేపూ బేబి మూలుగు వినపడటం లేదు.

గుర్తులన్నీ కలిపి గీత గీసి, అది ఎటు పోతోందో చూశాడు. తెల్లవారకముందే వచ్చే ఓ మసక ఇక తొలగదు. కాగితం విసిరేసి, లాంతరుకు అడ్డంగా మంచం పట్టె మీద కూర్చుని, చెల్లెల్ని రెండు చేతులా పొదువుకున్నాడు.

లాంతరు మసకబారింది. ఎంతసేపు చూసినా వెలగలేదు.

“అన్నయ్యా,” అంది బేబి, జ్వరమే ఎరగనట్టు. “కాస్త జరుగు. ఆమెకి చోటు చాలట్లేదంట.”