హిస్టరీ క్లాసుకు తాళం

“జీతం లేని కొలువుకు గింత పొద్దుగాల ఎవరొస్తరు మేడం?” గేటు తీస్తూ అడిగింది సక్కుబాయి.

“ఆ మాట నువ్వే అడగాలె అక్కా,” అని నవ్వి, రఫియా మేడం స్కూటీ లోపలికి తోసింది.

సర్కారు గ్రాంటు తగ్గించిన దగ్గర్నుంచి శంషాబాద్ అవతలి ఆ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోతూ వచ్చారు. కిందటి నెల రఫియానూ రావద్దన్నారు. ఆమె మానలేదు. హిస్టరీ గ్రూపు పిల్లలకు ఫైనల్ పరీక్షలు దగ్గరపడ్డాయి. క్లాసు మూసేస్తే వాళ్లను పట్నంలోని కాలేజీకి మారుస్తారట. మహేశ్వరం అవతలి పల్లెల నుంచి ఆడపిల్లను రోజూ అంతదూరం పంపే తండ్రి ఎవరు? చదువు అక్కడితో సరి.

సక్కుబాయి సరస్వతీదేవి పటానికి అగరొత్తి వెలిగించింది. “అందరికి చదువిచ్చే తల్లివి. నీకు సుత గ్రాంటు కావాల్నా?” అని మెల్లగా అడిగి, దండం పెట్టుకుని, వెళ్లి గంట కొట్టింది.

మధ్యాహ్నం కాకముందే జీపు వచ్చింది. దిగిన ఆఫీసరు సరాసరి క్లాసు గది ముందుకు నడిచాడు. లోపల పాఠం సాగుతోంది.

“ఈ గ్రూపు రద్దయింది. ఆవిడను లోపలికి ఎవరు రానిచ్చారు?”

“నేనే సారు.”

“పిల్లల్ని బయటికి పంపి తాళం వెయ్యి.”

“పాఠం నడుస్తున్నది సారు. నడిమిట్ల లేపుడు పాపం.”

నెత్తిమీదుగా విమానం పోయింది. ఆ హోరు తగ్గేదాకా ఆయన ఆగాల్సి వచ్చింది. లోపల రఫియా కూడా ఆగి, మళ్లీ అందుకుంది.

“తాళంచెవి ఇటివ్వు. నేనే వేస్తాను.”

సక్కుబాయి తాళంచెవుల గుత్తిని కొంగున ముడేసి బొడ్లో దోపుకుంది. “పరీక్షలయినంక రండ్రి సారు, నా చేత్తోనే ఏస్త. అప్పటిదాంక ఇయ్య.”

“ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా? నీ ఉద్యోగం ఊడుతుంది.”

“రాస్కోండ్రి. సక్కుబాయి, మామిడిపల్లి.”

ఆయన పళ్లు కొరుకుతూ రాసుకున్నాడు. “రేపు ఈ గేటు దగ్గర కనిపించావంటే చూడు.”

“రేపు జర జల్ది రండ్రి. పొద్దుగాలనే తీస్త.”

కిటికీలోంచి చూస్తున్న పిల్లలు నోటికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

గ్రాంటు తగ్గగానే ఆ కాలేజీలో అందరికంటే ముందు ఉద్యోగం పోయింది సక్కుబాయికే.