సంజీవరావు సముద్రం

చెంచురామయ్య గారు భూతద్దం బయటికి తీసేసరికి సంజీవరావుకి చెమటలు పట్టాయి.

గుంటూరులో ఫోటోల పోటీ. అంశం ‘ఆకాశం నుంచి అలలు’. న్యాయనిర్ణేత చెంచురామయ్య గారంటే మాటలా! హెలికాప్టర్లో తిరిగి ఆయన తీసిన సముద్రాలు ఏటా క్యాలెండర్లకెక్కుతాయి. ఈసారి గెలిచినవాడి ఫోటో కూడా ఎక్కుతుందిట.

సంజీవరావుకి ప్రత్తిపాడులో స్టూడియో ఉంది. స్టూలెక్కితే కళ్లు తిరిగే మనిషి. అయినా బుద్ధి గడ్డి తిని, తనూ హెలికాప్టరెక్కానని ఊరంతా కోతలు కోశాడు. క్షేమంగా దిగినందుకు చర్చిలో కృతజ్ఞత ప్రార్థన కూడా చేశారు పాపం.

అసలు సంగతి అతని భార్య మహిమకీ, బావమరిది ఎలీషాకీ మాత్రమే తెలుసు. ఎలీషా పొలంలో నీలం పట్టా పరిచి, అప్పుడే తీసిన పత్తి వరసలుగా పోశారు. వాళ్లిద్దరూ చెరో కొసా పట్టుకుని ఊపుతుంటే, సంజీవరావు పత్తి లారీ మీద కూర్చుని, ఒక చేత్తో తాడూ ఒక చేత్తో కెమెరా పట్టుకున్నాడు.

“గట్టిగా ఊపండెహె! తుఫాను రావాలి!”

“ముందు మీరు పడకుండా ఉండండి మహాప్రభో!” అంది మహిమ.

చివరికి కళ్లు గట్టిగా మూసుకుని మీట నొక్కాడు. ఆ ఫోటోకి ‘ప్రకృతి ఉగ్రరూపం’ అని పేరొకటి.

ఇప్పుడా భూతద్దం ఫోటోలో నురగ మీద ఆగింది. అక్కడో గోధుమరంగు చుక్క.

“ఇదేంటండీ?”

పత్తికి అంటుకున్న ఎండాకు ముక్క!

“నాటు పడవండీ.”

“ఇంత తుఫానులోనా?”

“చిక్కుకుపోయారండీ పాపం. పైనుంచి కేకలేశాను కూడా.”

అంతటితో నోరు మూసుకోవచ్చుగా! హెలికాప్టర్ మోతలో కేకలు ఎవడికి వినపడతాయి? తనని తానే తిట్టుకున్నాడు.

చెంచురామయ్య గారు చిన్నగా దగ్గి, మైకు దగ్గరికి నడిచారు. అయిపోయింది. ఇక ఊళ్లో తలెత్తుకుని తిరిగేదెలా? పాస్టరు గారికి ఏమని చెప్పేది? ముందు వరసలో మహిమ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆవిడ మొహం చూస్తే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. లేచి నిలబడ్డాడు.

“అయ్యా, నేనొక మాట చెప్పాలండీ...”

“తర్వాత చెబుదురుగాని. మొదటి బహుమతి, ప్రత్తిపాడు సంజీవరావు గారికి!”

హాలంతా చప్పట్లు. సంజీవరావు వేదికెక్కాడు. చెంచురామయ్య గారు శాలువా కప్పుతూ అతని చెవి దగ్గరికి వంగారు.

“ఆకు ముక్కలు పడకుండా మిల్లులో గింజ తీసిన దూది వాడాలండీ, ఇరవయ్యేళ్లుగా నా నురగంతా అదే!”