కదలని చుక్క

వేధశాలలో ఆ రాత్రి ఆమె ఒక్కతే ఉంది. భూమి దారిని దాటుకుంటూ తిరిగే ఒక గ్రహశకలాన్ని గమనించడం ఆమె పని. దాని కక్ష్య మనవైపు వంగుతోందని ఆమె చెబితే, అక్కడ పెద్ద అధికారి అయిన ఆమె అక్క మొగుడు అందరి ముందూ నవ్వాడు. "మా మరదలు గోరంతని కొండంత చేస్తుంది" అన్నాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

గంట తేడాతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసింది. నక్షత్రాల మధ్య జరిగిపోవలసిన శకలం ఉన్నచోటే ఉంది. వెలుగు మాత్రం పెరిగింది. పక్కకి జరగకుండా పెరిగేది ఎదురుగా వచ్చేదే.

పళ్లు కొరుకుతూ ఫోన్ చేసింది.

"బావగారూ, అది కదలట్లేదు."

"కెమెరా తేడా చేసుంటుందమ్మా. పడుకో."

"అవే ఫొటోల్లో మిగతా శకలాలు కదిలాయి. కొండని గోరంత చేసింది మీరు. లేచి బయటికెళ్లి చూడండి."

అతను గొణుక్కుంటూ తలుపు తీసిన చప్పుడు వినిపించింది. చెప్పుల చప్పుడు రెండడుగులకే ఆగింది.

ఏ వైపు చూడాలని అడుగుతాడనుకుంది. అతనికి అడగాల్సిన అవసరం రాలేదు.

"మీ అక్కని లేపనా, వద్దా?" అన్నాడు మెల్లగా.