ఎనిమిదో వరుస

"ఎనిమిదో వరుసలో పొద్దున నా పేరుంది అన్నయ్యా. ఇప్పుడు నీ పేరుంది. ఎలా వచ్చింది?"

స్టోర్ కీపర్ గొంతుకి హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. అతను నిలబడింది సొంత తోడల్లుడి టేబుల్ ముందు. ఆఫీసులో ఆయన్ని తాళాలాయన అంటారు. ఇనప తాళాలు కావు లెండి. కామన్ ఫోల్డర్లో ఏ షీటు ఎవరు తెరవచ్చో, ఎవరు మార్చవచ్చో చూసుకునే పని ఆయనది. హెడ్డాఫీసు నుంచి వచ్చే కాగితాలు కూడా ఆయన కంటపడతాయి.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు తాళాలాయన, తల ఎత్తకుండా.

"కంచే చేను మేస్తే మెల్లగా చెప్పుకోవాలా?"

సంగతేమిటంటే, వచ్చే వారం ఆఫీసు వేరే బిల్డింగ్‌కి మారుతోంది. అది చిన్నదనీ, అందరికీ చోటు లేదనీ కొన్నాళ్లుగా గుసగుసలు. ఈ పొద్దున కామన్ ఫోల్డర్లో 'కొత్త బిల్డింగ్ ఫైనల్' అని ఒక షీటు ప్రత్యక్షమైంది. పైన హెడ్డింగ్ లేదు. కింద పన్నెండు పేర్లు, అంతే. పేరున్నవాళ్లు బతికిపోయినట్టేనని హాలంతా తేల్చేసింది. ఇలాంటివి తేల్చడానికి ఆఫీసుల్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేరు లేనివాళ్లు మొహాలు వేలాడేసుకుని సొరుగులు సర్దుకోవడం కూడా మొదలుపెట్టారు.

స్టోర్ కీపర్ తన పేరు చూసుకోగానే మెట్ల మీదికి పరిగెత్తి భార్యకి ఫోన్ చేశాడు. వాళ్ల పాపకి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. కంపెనీ ఇచ్చిన వైద్యం కార్డు ఉంటేనే ఆస్పత్రిలో పడక. ఉద్యోగం పోతే కార్డు పోతుంది. కార్డు పోతే ఏమవుతుందో ఆ మొగుడూ పెళ్లాలు ఇంతవరకూ పైకి అనుకోలేదు. "మన పేరుంది" అని అతనంటే అవతల ఆమె భోరుమని ఏడ్చేసింది.

భోజనమయ్యాక ఇంకోసారి కళ్లారా చూసుకుందామని షీటు తెరిచాడు. ఎనిమిదో వరుసలో తాళాలాయన పేరుంది. మార్చింది ఎవరో కూడా షీటే చెబుతోంది. తాళాలాయనే.

"పాప సంగతి నీకు తెలియదా? మొన్న దానికి సూది గుచ్చుతుంటే పక్కన కూర్చుని కథ చెప్పింది నువ్వే కదా! ఆ చేత్తోనే..." అతను టేబుల్ మీదికి వంగాడు. "పిల్లల్లేనివాడివి. ఎవర్ని పోషించాలని నీకీ ఆశ?"

అనకూడని మాట. అన్నవాడికీ తెలుసు. తాళాలాయన నోరు తెరిచి, పక్క టేబుల్ వైపు చూసి, మూసుకున్నాడు. అక్కడ డిస్పాచ్ అమ్మాయి చెవులు రిక్కించుకుని కూర్చుంది. నాలుగో వరుస ఆమెది. పొద్దుట్నుంచీ ఆమె మొహం వెలిగిపోతోంది.

"సాయంత్రం ఇంటికొచ్చి అంతా చెప్తాను. ఈ ఒక్క పూటకి నన్ను నమ్మరా. మీ వదిన మీద ఒట్టు."

"ఆవిడ మీద ఒట్టేసి ఆవిడ చెల్లెలి కొంప ముంచుతావా?"

స్టోర్ కీపర్ విసవిసా మేనేజరమ్మ గదిలోకి నడిచాడు. తాళాలాయన కుర్చీ తన్నుకుంటూ వెనకే పరిగెత్తాడు.

మేనేజరమ్మ హెడ్డాఫీసు నుంచి ఈమధ్యే వచ్చింది. ఎవరు ఏ సెక్షనో ఆమెకింకా సరిగ్గా తెలియదు.

"మేడమ్, లిస్టులో ఎనిమిదో పేరు నాది. ఈయన నాది కొట్టేసి తన పేరు పెట్టుకున్నాడు," అన్నాడు స్టోర్ కీపర్.

ఆమె తన కంప్యూటర్లో ఉన్న పాత కాపీ తెరిచి చూసింది. "నిజమే. ఇందులో మీ పేరే ఉంది." తాళాలాయన వైపు తిరిగింది. "ఎందుకు మార్చారు?"

"మీకు కావాల్సింది పన్నెండు మందే కదా మేడమ్. పన్నెండూ ఉన్నారు. దాన్నలాగే ఉండనివ్వండి. మీకు దణ్ణం పెడతాను."

"సిగ్గు లేకుండా ఎలా అడుగుతున్నాడో చూడండి!"

"తమ్ముడూ, నువ్వు బయటికి నడువు. నీకు తెలియదు, ఆ లిస్టు..."

"మీరు ఆగండి," అంది మేనేజరమ్మ. "చెప్పకుండా షీటులో చెయ్యి పెట్టినందుకు మీ సంగతి తర్వాత చూస్తాను." స్టోర్ కీపర్ని వింతగా చూసింది. "మీ అంతట మీరే వచ్చి అడుగుతున్నారు. రేపు కాదనకూడదు మరి."

"నా బిడ్డ మీద ఒట్టు మేడమ్. కాదనను."

"వద్దురా!" అన్నాడు తాళాలాయన. ఆ అరుపులో ఏడుపుంది. అతన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆమె ఎనిమిదో వరుస చెరిపి స్టోర్ కీపర్ పేరు కొట్టింది. తన పాస్‌వర్డ్ పెట్టి షీటుకి తాళం వేసింది. "ఇక దీన్ని ఎవరూ మార్చలేరు."

తాళాలాయన గోడవారగా కూలబడి తల పట్టుకున్నాడు. స్టోర్ కీపర్ అతని వైపు చూడలేదు. ఇన్నేళ్లూ అన్నయ్యా అని పిలిచిన మనిషిని ఆ క్షణంలో మనస్ఫూర్తిగా అసహ్యించుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి భార్య నంబరు నొక్కాడు.

"మన పేరు మళ్లీ వచ్చింది," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

"ఖాయమేనా? ఇంకేం మారదు కదా?"

"ఖాయం. మేడమ్ నా ఎదురుగానే తాళం వేశారు."

"నలుగురి కళ్లూ పడే చోటని పొద్దున హెడ్డింగ్ పెట్టలేదు," అంది మేనేజరమ్మ ఎవరితోనూ కాకుండా. "అందరికీ పంపే వేళయింది." తన షీటు తనే తెరిచి, పైన ఖాళీగా ఉన్న గడిలో టైపు చేసింది. ఫోను చెవికి ఆనించుకునే స్టోర్ కీపర్ తెర మీదికి వంగి చదివాడు:

'రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేనివారు.'