కార్డు లేని మనిషి

"చెల్లమ్మా, నా కుర్చీ మార్చు."

క్యాన్సర్ వార్డులో వాచ్‌మన్ అప్పటికే మూడుసార్లు లేచి కూర్చున్నాడు. పక్క కుర్చీలో మనిషికి ముఖం మీద, చేతుల మీద తెల్లమచ్చలు.

"అవి అంటుకునేవి కావన్నయ్యా," అంది పెద్ద నర్సు.

"నాకూ తెలుసు. అయినా మార్చు."

మచ్చలాయనే లేచాడు. "మీరు కూర్చోండి సార్, నాకు ఏ మూలైనా ఒకటే," అని నవ్వుతూ కిటికీ పక్కకి వెళ్ళాడు.

ఆ నవ్వు కూడా వాచ్‌మన్‌కి నచ్చలేదు.

ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డవాడు. కార్డు మీద ఫొటో, ఎదురుగా ముఖం, రెండూ కలిస్తేనే లోపలికి. మేనేజరుగారి బావమరిదిని కూడా ఎండలో నిలబెట్టిన ఘనుడు.

అలాంటివాడి ఒంట్లోకే దొంగ దూరాడు. అరికాల్లో నల్లమచ్చ. చెప్పు ఒత్తుకుందనుకుని ఏడాది ఊరుకున్నాడు. డాక్టరమ్మ దాని పేరు మెలనోమా, చర్మానికొచ్చే క్యాన్సర్ అంది. అప్పటికే అది ఊపిరితిత్తుల దాకా పాకింది. రెండు మందులు వాడారు, రెండూ పనిచేయలేదు.

"నా ఒంట్లో కాపలావాళ్ళే లేరా డాక్టరమ్మా?"

"ఉన్నారు. రక్తంలో తిరిగే కణాలే కాపలావాళ్ళు. కానీ ఆ దొంగ మీ ఒంట్లో పుట్టినవాడే కదా. మనవాడే అనుకుని వదిలేస్తున్నారు."

"కార్డు చూడరా?"

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. "ప్రతి కణమూ లోపల ఏముందో ఒక చిన్న ముక్క తీసి పైన చూపిస్తుంది. అదే కార్డు. దొంగ కూడా చూపిస్తాడు. అది చూసి ఆనవాలు పట్టే కన్ను మీవాళ్ళకి లేదు. మీ కణాల్ని బయటికి తీసి, ఆ కన్ను పెట్టి, మళ్ళీ ఎక్కిస్తాం."

"మరి పెట్టండి!"

"మీకు సరిపడేది దొరకాలి. వెతుకుతున్నాం."

"దొరక్కపోతే?"

ఆమె కాగితాలు సర్దుకుంది.

ఆ రోజు నుంచి వాచ్‌మన్‌కి కాలు ఒకచోట నిలవలేదు. వార్డులో ఇటు పన్నెండు అడుగులు, అటు పన్నెండు అడుగులు. తలుపు చప్పుడైతే చాలు, మెడ తిరిగేది.

ప్రతి మంగళవారం మచ్చలాయన వచ్చేవాడు. మెడలో పేషెంటు కార్డు లేదు. సెలైన్ లేదు. నేరుగా ల్యాబు తలుపు తోసుకుని పోయేవాడు.

"ఆయనెందుకొస్తాడు చెల్లమ్మా?"

"మచ్చుకి."

పెద్ద నర్సు ఎప్పుడూ శాంపిల్ అనదు, మచ్చు అంటుంది. వాచ్‌మన్ చెవికి అది మచ్చ అని వినిపించింది. మచ్చలు చూపించుకోవాలంటే చర్మం డాక్టరు దగ్గరికి పోవాలి గానీ, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ మధ్య వీడికేం పని?

విసవిసా ఆఫీసుకి వెళ్ళాడు. "కార్డు లేకుండా మనిషి లోపలికొస్తున్నాడు. అడిగేవాడే లేడా?"

రూలు రూలే. మరుసటి మంగళవారం నుంచి మచ్చలాయన వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. నర్సే సూదుల ట్రే పట్టుకుని బయటికి వెళ్ళి వచ్చేది.

వాచ్‌మన్ పచార్లు చేస్తూ అటు వెళ్తే ఆయనే పలకరించాడు.

"నన్ను పట్టించింది మీరేనటగా సార్?"

"అవును. అయితే ఏంటట?"

"మంచి పని చేశారు. కాపలా అంటే అలాగే ఉండాలి." మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నాడు. "నిద్ర పడుతోందా?"

"మీకెందుకండీ!"

విసురుగా తిరిగొచ్చేశాడు. నిద్ర పట్టడం లేదని భార్యకి కూడా చెప్పలేదు మరి.

రెండు వారాలకి డాక్టరమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది.

"దొరికింది!"

కణాల్ని తీశారు, కన్ను పెట్టారు, తిరిగి ఎక్కించారు. మూడు రోజులు జ్వరం కుదిపేసింది. తగ్గాక ఇంటికి పంపారు. మూడో నెల స్కాన్‌లో గడ్డలు సగానికి సగం కరిగాయి.

ఆ వారమే అద్దంలో చూసుకుంటే కనుబొమ పక్కన తెల్లమచ్చ. వాచ్‌మన్ ఆస్పత్రికి పరుగెత్తాడు.

"డాక్టరమ్మా, అంటుకోదన్నారు, అంటుకుంది!"

"అంటుకోలేదు. చర్మానికి రంగిచ్చే కణాలు, ఆ దొంగ, ఒకే ఇంటివాళ్ళు. ఇద్దరి దగ్గరా ఒకే కార్డు. మీ కాపలావాళ్ళు ఇప్పుడు ఇద్దర్నీ పడుతున్నారు. మచ్చ రావడం మంచి గుర్తే."

"అయితే ఆ మచ్చలాయన..."

"ఆయనకీ ఇదే జబ్బు. ఎనిమిదేళ్ళ క్రితం గెలిచారు."

వాచ్‌మన్‌కి సిగ్గేసింది. ఆ సిగ్గు ఊరికే కూర్చోనివ్వలేదు. చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే వరండాలోకి నడిచాడు. మంగళవారమే. బల్ల ఖాళీగా ఉంది.

"చెల్లమ్మా, ఆయన ఇంకా రాలేదా?"

"పోయారన్నయ్యా. రెండు నెలలైంది. గుండెపోటు."

వాచ్‌మన్ బల్ల మీద కూలబడ్డాడు.

"తప్పయిందని ఒక్క మాట చెప్పుకుందామనుకున్నా. వాళ్ళిల్లు ఎక్కడో చెప్పు, అక్కడికే పోతాను."

నర్సు వచ్చి పక్కనే కూర్చుంది.

"ఎవరైనా అడిగితే చెప్పమని ఆయన మచ్చు ఇచ్చేటప్పుడే రాసిచ్చారు కాబట్టి చెప్తున్నానన్నయ్యా... మీ కాపలావాళ్ళకి పెట్టిన ఆ కన్ను ఆయన రక్తంలో దొరికిందే."