చదును చేసిన ఇసుక

ఎవరు దాటినా తెలియాలని సరిహద్దు గోడ అవతల సాయంత్రం చదును చేసిన ఇసుకలో, తెల్లారేసరికి అడుగులు పడి ఉన్నాయి.

"హూణులొచ్చారయ్యా! బురుజు మీద మంట పెట్టమంటారా?" కాపలాదారు బియాన్ రొప్పుతున్నాడు.

"కళ్ళు ఇంట్లో మరిచొచ్చావా? వేళ్ళు ఎటున్నాయో చూడు. ఇవి వచ్చినవి కావు, పోయినవి," అన్నాడు దళపతి గెంగ్.

"పాదం చూస్తే ఆడమనిషిది. ఇంత లోతుగా దిగిందేంటి?"

గెంగ్ వంగి అడుగు లోతును వేలితో కొలిచాడు. "వీపున బిడ్డ ఉండుంటుంది."

ఇసుక మధ్యలో బిడ్డను ఒకసారి దించినట్టుంది. ఆ బుల్లి పాదాలు రెండూ గోడవైపే తిరిగి ఉన్నాయి.

"గుర్రాలెక్కితే మధ్యాహ్నంలోపు పట్టి తెస్తాం."

"తెస్తే ఆమె తల తీస్తారు."

చదును కర్ర లాక్కుని గెంగ్ అడుగులన్నీ చెరిపేశాడు. బుల్లి పాదాల దగ్గర చెయ్యి ఆగింది. తర్వాత అవీ పోయాయి.

"మరి రోజూ పైవాళ్ళకి కబురు రాసి పంపే చెక్కపలక మీద ఏం రాయనయ్యా?"

"ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదని రాయి."

కాపలా దిగి గెంగ్ ఇంటికెళ్ళాడు. ఏడేళ్ళ కిందట హూణుల గుడారాల నుంచి తాను ఎత్తుకొచ్చిన ఇల్లాలు, పొయ్యిలో నివురుగప్పిన నిప్పుల మీద ఒక్కడికి సరిపడా కొర్ర గంజి కాచిపెట్టి వెళ్ళింది.

అది ఇంకా వెచ్చగానే ఉంది.